తున్‌హువాంగ్ ఎడారి విడిది మాత్రమే కాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో చైనాలోని తున్‌హువాంగ్‌ను ఎడారి విహారకేంద్రంగా మాత్రమే పరిచయం చేయడం చరిత్ర బోధించిన నాకు వెలితిగా తోచింది. గాన్సు రాష్ట్రపు పడమటి కొసన, గోబీ ఎడారి అంచున ఉన్న ఆ చిన్న ఊరికి ఏడాదికి కురిసే వాన సుమారు 40 మిల్లీమీటర్లే (మన హైదరాబాద్‌లో ఒక్క సాయంత్రపు కుండపోత చాలు). చిలియన్ పర్వతాల మంచు కరిగి పారే దాంగ్ నదే దానికి ప్రాణాధారం. తక్లమకాన్ ఎడారికి ఉత్తరంగానూ దక్షిణంగానూ చీలిపోయే పట్టు వ్యాపార మార్గాలు (సిల్క్ రోడ్డు) అక్కడ కలిసేవి కనుకనే, హాన్ వంశపు చక్రవర్తి వూ క్రీ.పూ. 2వ శతాబ్దంలో దానిని సరిహద్దు స్థావరంగా నిలిపాడు.

క్రీ.శ. 366లో తొలవడం మొదలైన అక్కడి బౌద్ధ గుహాలయాలు, మొగావ్ గుహల్లో 492 గుహలు నేటికీ చిత్రాలతో, శిల్పాలతో నిలిచి ఉన్నాయి. 1900లో అక్కడ బయటపడిన గ్రంథాల గదిలోని వేలాది ప్రతులను 1907లో బ్రిటిష్ పురాతత్వవేత్త ఆరెల్ స్టైన్ స్వల్ప మొత్తానికే తరలించుకుపోయాడు. వాటిలోని 868 నాటి ముద్రిత బౌద్ధ గ్రంథం వజ్రచ్ఛేదిక ఇప్పుడు లండన్‌లో ఉంది. నాగార్జునకొండ పక్కనే బతికే మన పాఠకులకు ఆ బౌద్ధ బంధం గురించి ఒక్క పేరా అయినా రాయవలసింది.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట, హైదరాబాద్