వాసన పరిశోధన విలువ అంకెల్లో దొరకదు

సంపాదకులకు నమస్కారం.

శాస్త్రవేత్తల గురించి వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని పరిశోధన పేపర్లు, ఎన్ని సైటేషన్లు (ఇతరులు వాటిని తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారన్న లెక్క), హెచ్-ఇండెక్స్ ఎంత అన్నదే రాస్తున్నారు. ఏం కనిపెట్టారో ఒక్క ముక్క ఉండదు. ఈ హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క. 20 ఉందంటే, ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు ఇతరులు ఉదహరించిన పేపర్లు 20 ఉన్నాయని అర్థం. అంతే. వాసన చూసే శక్తి మీద పరిశోధన చేసేవాళ్లే తక్కువ, ఇక ఉదహరించేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? క్యాన్సర్ పరిశోధకుల పక్కన నిలబెట్టి వాళ్లను కొలవడం అన్యాయం.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కాల్చేచోట చాలా ఏళ్లు పనిచేసింది. పిక్క ఎంత కాలిందో వాసనతోనే చెప్పేసేది. కరోనా తర్వాత అమ్మకు వాసన తెలియడం పోయింది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోయింది. అమ్మ పక్కనే కూర్చుని వత్తులు చేసుకుంటోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చూపిస్తే ఒక డాక్టరు "వయసు కదా" అని పంపేశారు.

జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో ఒక పేపర్ ప్రచురించింది. వాసన తెలియడం తగ్గినవాళ్లు గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు పీల్చే సాధన అది. ఆ పేపర్‌ను ఎందరు ఉదహరించారన్నది కాదు, ఆ సాధన ఇంట్లో ఎలా చేయాలన్నది మీ పేజీలో వేయండి. మేం ఆలస్యంగా తెలుసుకుని మొదలుపెట్టాం. మొన్న లవంగాల డబ్బా మూత తీయగానే అమ్మ ఆగి, "ఘాటుగా ఉందే" అంది.

— ఒక పాఠకురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా