అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జవాబు వాళ్ల నోటి నుంచే రావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే ప్రతి ఒక్కరినీ, అంటే రెగ్యులర్ ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని కూడా, పని పరిస్థితులపై సర్వే చేయాలన్న ఆలోచనను ఎవరూ కాదనరు. నెల్లూరులో ఒక ప్రభుత్వ సంస్థ ఇటీవల ఆ పని చేపట్టింది. అక్కడే సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన నేను ఏదో కాగితం కోసం వెళ్లినప్పుడు ఆ సర్వే జరుగుతున్న తీరు కళ్లారా చూశాను కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

పారిశుధ్య పనివారిని, వాళ్లను పనికి పెట్టిన ప్రైవేటు ఏజెన్సీ సూపర్‌వైజరు మెట్ల దగ్గర వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి నంబరు తన సెల్‌ఫోన్‌లో కొట్టి, వచ్చిన ఓటీపీ అడిగి తెలుసుకుని, జవాబులన్నీ తనే నొక్కేస్తున్నాడు. ఒక పెద్దామె ‘ఏం రాసినావు నాయనా?’ అని అడిగితే, ‘అంతా బాగుండాదని రాసినాలేమ్మా, పో’ అన్నాడు. ఆమె చీపురు తీసుకుని వెళ్లిపోయింది. ఆ లెక్కన కాంట్రాక్టు సిబ్బంది నూటికి నూరుపాళ్లు సంతృప్తిగా ఉన్నారని నివేదిక వస్తే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

వారాంతపు సెలవు ఇచ్చేదీ, హాజరు వేసేదీ, రేపటి నుంచి రావద్దని చెప్పగలిగేదీ ఆ సూపర్‌వైజరే. అతని మీద ఫిర్యాదు ఉంటే అతని ఫోన్‌లోనే చెప్పుకోవాలంటే ఎవరు నోరు విప్పుతారు? 2020 జూలైలో ఆప్కాస్, అంటే అవుట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్, మొదలైన తరువాత చాలామంది అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాలు దాని ద్వారా అందుతూ వచ్చిన మాట నిజమే గానీ, పారిశుధ్యం, సెక్యూరిటీ వంటి పనులను ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించిన చోట్లు ఇప్పటికీ ఉన్నాయి, భయం ఎక్కువగా ఉండేది అక్కడే.

ఇక ప్రశ్నల సంగతి. క్యాంటీన్ గురించి, ఫ్యాన్ల గురించి అడిగారు, జీతం ఏ తేదీన పడుతోందని మాత్రం అడగలేదు. అవుట్‌సోర్సింగ్ కార్మికుడి వేతనంలో ప్రావిడెంట్ ఫండ్ కింద 12 శాతం, కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత పడుతుంది. కోసిన సొమ్ము, దానికి యజమాని కలపాల్సిన వాటా, నిజంగా ఖాతాకు చేరుతున్నాయా, పాస్‌బుక్ ఎప్పుడైనా చూసుకున్నారా, జబ్బు చేసినప్పుడు ఈఎస్ఐ కార్డు పనికొచ్చిందా అన్నవి అసలు అడగాల్సిన ప్రశ్నలు. మహిళల విషయంలో మరొకటి ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి కార్యాలయంలోనూ లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని చెప్పిన 2013 నాటి చట్టం, కాంట్రాక్టరు ద్వారా వచ్చిన వారిని కూడా ఉద్యోగులుగానే లెక్కిస్తుంది. ఆ కమిటీలో ఎవరున్నారో ఊడ్చే ఆమెకు తెలుసా?

వాళ్లు మా ఉద్యోగులు కారు, ఏజెన్సీ మనుషులు అని అధికారులు తప్పుకోవడానికి వీలులేదు. కాంట్రాక్టరు వేతనం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలన్నది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం. చెల్లించాల్సిన బాధ్యత ఉన్నప్పుడు వాళ్లను నేరుగా అడిగి తెలుసుకునే బాధ్యత కూడా ఉంటుంది కదా.

దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయ విద్యార్థుల సాయం తీసుకుంటే, చదువురాని వారికి ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించి, ఏజెన్సీ మనిషి ఎవరూ దగ్గర లేకుండా జవాబులు రాసుకోవచ్చు. పేరు, ఫోన్ నంబరు అవసరం లేదు. కాగితం మడిచి తాళం వేసిన పెట్టెలో వేస్తే చాలు. రాత్రి షిఫ్టు కాపలావాళ్లను రాత్రిపూటే వెళ్లి అడగాలి, వాళ్లను పగలు రమ్మంటే నిద్ర మానుకుని ఎవరూ రారు. నలుగురైదుగురే ఉన్న విభాగాల జవాబులను విడిగా చూపకుండా పెద్ద విభాగంతో కలిపి ప్రకటిస్తే, ఫలానా మాట ఫలానా వాళ్లే అన్నారని ఆరా తీసే అవకాశం ఉండదు.

ఫలితాలను కార్యాలయ నోటీసు బోర్డులో పెట్టడానికి ఎవరైనా దరఖాస్తు చేసేదాకా ఆగనక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను, అడగకముందే సమాచారాన్ని బయటపెట్టమనే చెబుతోంది. మెట్ల దగ్గర సూపర్‌వైజరు నింపిన ఆ జవాబులను అధికారులు పక్కనపెట్టి, ఏజెన్సీ సిబ్బంది వరకైనా సర్వేను మళ్లీ జరిపించాలని, ఏజెన్సీ కాంట్రాక్టును పొడిగించే ఫైలులో ఆ ఫలితాలను జతపరచాలని మీ పత్రిక ద్వారా జిల్లా కలెక్టరు గారిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
దర్గామిట్ట, నెల్లూరు