మామా, మా ఆఫీసులో నిన్న ఏమైందో విను

ఒరేయ్ మామా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత లేటయినందుకు సారీ రా. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది, పాపని స్కూల్లో వేశాం, ఇల్లు ఇంకా మారలేదు. అవన్నీ తర్వాత, ముందు నిన్నటి మీటింగ్ సంగతి చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మాది పీఆర్ ఏజెన్సీ కదా, కంపెనీలకి జనంలో మంచిపేరు తెచ్చే పని. మాకో క్లయింట్ ఉన్నాడు, పేరొద్దులే. వాళ్ళ ఫ్యాక్టరీ పక్క ఊళ్ళో బోరు నీళ్ళు రంగు మారాయని జనం గొడవ చేస్తున్నారు. ట్విట్టర్లో ఫేక్ అకౌంట్లు తెరిచి, ఆ ఊరివాళ్ళే రాస్తున్నట్టు "మాకే ఇబ్బందీ లేదు, ఎవరో రెచ్చగొడుతున్నారు" అని పెట్టించమన్నాడు. బాస్ సరే అనబోతుంటే కొత్తగా చేరిన వరంగల్ అమ్మాయి, ప్రొబేషన్ కూడా అవ్వలేదు, "సార్, బెల్ పాటింజర్ ఏమైందో తెలుసు కదా" అనేసింది!

లండన్‌లో పెద్ద పేరున్న పీఆర్ కంపెనీ రా అది. సహరాన్‌పూర్ నుంచి సౌతాఫ్రికా వెళ్ళిన గుప్తా బ్రదర్స్ లేరూ, అప్పటి ప్రెసిడెంట్ జుమా అండతో సర్కారునే గుప్పిట్లో పెట్టుకున్నారన్నారే, వాళ్ళ ఓక్‌బే కంపెనీకి పనిచేశారు, నెలకి లక్ష పౌండ్లు. గుప్తాల మీద నుంచి దృష్టి మళ్ళించడానికి సంపదంతా తెల్లవాళ్ళ కంపెనీల గుప్పిట్లో ఉండటమే అన్నిటికీ కారణమన్న ప్రచారం నడిపారు, ఫేక్ అకౌంట్లు దాన్నే ఊదరగొట్టాయి. వర్ణవివక్ష గాయం ఇంకా మానని దేశంలో, ఆలోచించు! 2017 సెప్టెంబర్లో బ్రిటన్ పీఆర్ సంఘం వాళ్ళని కనీసం 5 ఏళ్ళు వెలేసింది, క్లయింట్లు జారుకున్నారు, అదే నెలలో కంపెనీ కుప్పకూలింది.



కంపెనీ తన వాదన తన పేరుతో చెప్పుకోవచ్చు, మనకి జీతమిచ్చేదే అందుకు. కానీ మాట్లాడేదెవరో దాచేస్తే? ఫైల్లో ఓ ఫోటో ఉంది, ఓ ముసలమ్మ థమ్సప్ సీసాలో పసుపుపచ్చటి నీళ్ళు పట్టుకుని నిలబడింది. ఊరి పేరుతో మనమే అబద్ధాలు రాసేస్తే రేపు ఆవిడ నిజం చెప్పినా ఎవడు నమ్ముతాడు? అసలు ఇంత గొడవవుతుంటే ఆ నీళ్ళు టెస్ట్ చేయించనేలేదు, అది అడిగిందీ ఆ పిల్లే.

నేనూ రాయనని చెప్పేశాను. బాస్ ఏమీ అనలేదు, ముందు టెస్ట్ రిపోర్ట్ ఇమ్మని ఇవాళ క్లయింట్‌ని అడుగుతాడట, వాడు ఒప్పుకోకపోతే మరి... అదుగో, కాల్‌కి పిలుస్తున్నారు, ఉంటా రా.