చలిబట్టలు మర్చిపోకు, చిన్నీ

రాజమండ్రి,
2026 ఆగస్టు 2, ఆదివారం

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. పొద్దున ఫోనులో నువ్వు అల్జీరియా అనగానే నాకు గొంతు పెగల్లేదు. ఇంతలో అమ్మ ఫోను తీసుకుంది. తను అడగాల్సినవన్నీ అడిగింది కానీ నేను చెప్పాల్సింది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే సగం చదివి వదిలేస్తావు.

నువ్వు తీసుకెళ్ళాలనుకుంటున్న సామాన్లు విన్నాను. సన్‌స్క్రీన్, కాటన్ కుర్తీలు, టోపీ, నల్ల కళ్ళద్దాలు. అన్నీ ఎండ కోసమే. నవంబరులో సహారాకి వెళ్తూ చలి మాట ఒక్కటీ ఎత్తలేదు నువ్వు. నీ తప్పేం లేదు, నేనూ అలాగే వెళ్ళాను.

2005 నవంబరులో నేను హాస్సీ మెసౌద్‌లో దిగాను. అల్జీర్స్ నుంచి 800 కిలోమీటర్లకు పైనే లోపలికి ఉంటుంది ఆ చమురు బావుల ఊరు. ఎడారి కదా అని అమ్మ రెండు పల్చటి దుప్పట్లు, లుంగీలు, బనియన్లు సర్దిపెట్టింది. పగలు హాయిగా ఉండేది, మన సంక్రాంతి ఎండలాగా. పొద్దు వాలిందంటే మాత్రం గంటలో అంతా మారిపోయేది. మొదటి వారంలోనే మా పోర్టా క్యాబిన్‌లో హీటరు పాడైపోయింది. రెండు దుప్పట్లూ కలిపి కప్పుకున్నా ఒణుకు ఆగలేదు. తెల్లవారుజామున ఇక ఉండలేక బయట కాపలా పెద్దాయన వేసుకున్న నెగడు దగ్గరికి వెళ్ళాను. ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. నన్ను చూసి లేచి నిలబడి, తను తొడుక్కున్న కచాబియా విప్పి నా భుజాల మీద వేశాడు. ఒంటె బొచ్చుతో నేసిన గోధుమరంగు అంగరఖా అది. మోకాళ్ళ కింద దాకా వస్తుంది, తలకు కప్పుకునే టోపీ కూడా దానికే కుట్టి ఉంటుంది. పొగ వాసన కొట్టింది. లోపల ఆయన ఒంటి వెచ్చదనం ఇంకా అలాగే ఉంది. తెల్లారేదాకా నేను అందులోనే కూర్చున్నాను. ఆయన మాత్రం ఉత్త చొక్కాతో మంటకు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

మన దగ్గర గాలిలో తేమ ఉంటుంది. ఆ తేమ, పైన మబ్బు కలిసి రాత్రి భూమి వేడిని పోనివ్వకుండా ఆపుతాయి. అక్కడ గాలిలో తేమా లేదు, ఆకాశంలో మబ్బూ లేదు. పగలంతా కాలిన ఇసుక చీకటి పడగానే ఆ వేడినంతా పైకి వదిలేస్తుంది. నువ్వు వెళ్ళే జానెత్ ఊరు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. నవంబరు నడుమ పగలు 25 డిగ్రీల దగ్గర ఉంటే రాత్రి 10కి అటూ ఇటూ పడిపోతుంది. పీఠభూమి మీదికి ఎక్కితే అంతకంటే తక్కువే. గాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి థర్మల్స్ రెండు జతలు, మందమైన స్వెట్టర్, గాలి దూరని జాకెట్, ఉన్ని సాక్సులు, చెవులు కప్పే టోపీ పెట్టుకో. స్లీపింగ్ బ్యాగు సున్నా డిగ్రీలకు పనికొచ్చేదే కొను. యాత్ర నడిపే ఏజెన్సీ వాళ్ళు దుప్పట్లు ఇస్తామన్నా సరే, నీది నువ్వు తీసుకెళ్ళు. పాదాలు చల్లగా ఉంటే నిద్ర పట్టదు, నిద్ర లేకపోతే పొద్దున నడవలేవు.

ఇక తేదీలు. నువ్వు నవంబరు అన్నావు, మంచి పని చేశావు. వేసవి నెలల్లో అటు పోనే కూడదు. డిసెంబరు, జనవరి రాత్రులు మరీ కఠినం. వసంతంలో ఇసుక గాలులు లేస్తాయి. మన లెక్కలో కార్తీకం అంటే శరదృతువు చివరి నెల, ఆ ఎడారికి అదే సరైన అదను. ఈసారి దీపావళి 8న. పండక్కి ఇంటికొచ్చి, అటునుంచి అటే 10న బయల్దేరు. అమ్మకూ తృప్తిగా ఉంటుంది. నా లెక్క ఇంకొకటి కూడా ఉంది. దీపావళి అమావాస్య కాబట్టి నువ్వు జానెత్ చేరేసరికి సన్నటి నెలవంక సాయంత్రమే అస్తమిస్తుంది, ఆ తర్వాత ఆకాశమంతా చుక్కలే. 17 రాత్రి చంద్రుడు అర్ధరాత్రికల్లా వాలిపోతాడు. సింహరాశి నుంచి ఉల్కలు రాలేది ఆ రెండు మూడు రాత్రుల్లోనే. గుడారంలో పడుకుని ఆ రాత్రి పోగొట్టుకోకు. 19కో 20కో తిరుగు ప్రయాణం పెట్టుకో.

నీకో మాట చెప్పాలి చిన్నీ. రెండేళ్ళు సహారాలో ఉండి సహారా చూడనివాణ్ణి నేను. క్యాంపు కంచె, పైపుల వరసలు, బావుల దగ్గర వచ్చే గ్యాసును తగలబెట్టే, రాత్రీ పగలూ మండే ఫ్లేర్ మంటలు, అంతే నేను చూసింది. ఆ మంటల వెలుగుకు చుక్కలు కూడా సరిగ్గా కనపడేవి కావు. జానెత్ గురించి మా సైటులో ఒక అల్జీరియా డ్రైవరు చెప్పేవాడు. సెలవు దొరికితే తీసుకెళ్తానన్నాడు. సెలవు దొరికితే నేను ఇంటికే వచ్చేవాణ్ణి, మిమ్మల్ని చూడ్డానికి. ఆ విషయంలో నాకు బాధ లేదు. కానీ నువ్వు ఆ పేరు చెప్పగానే ఇరవై ఏళ్ళ కిందటి మాటలన్నీ ఒక్కసారి చెవిలో పడ్డాయి.

అందుకని నా తరఫున ఒకటి చూసి రా. జానెత్‌కి దగ్గర్లోనే తెఘర్ఘర్త్ అనే చోట ఇసుకలోంచి ఒంటరిగా నిలబడ్డ ఒక రాతి గుట్ట ఉంది. దాని అడుగున ఆవుల్ని చెక్కారు. నీళ్ళు తాగడానికి వచ్చినట్టు తలలు దించి ఉంటాయి, కొమ్ములు ఒకదాని మీదుగా ఇంకొకటి వంపు తిరిగి. కంటి కింద ఒక్క చుక్క కన్నీరు. ఏడు వేల ఏళ్ళ నాటిదంటారు. అప్పుడు సహారాలో వానలు పడేవి, గడ్డి ఉండేది, మనుషులు మందలు తోలుకునేవారు. తర్వాత నీళ్ళు తగ్గుతూ వచ్చాయి. నీళ్ళు లేక ఏడుస్తున్న ఆవులని ఇప్పటివాళ్ళు చెప్పుకుంటారు. చెక్కినవాడి మనసులో ఏముందో గానీ, ఫోటోలో చూసినప్పుడల్లా నాకు మీ నానమ్మ పాడి ఆవు గుర్తొస్తుంది. వరదలకు లంకలో గడ్డంతా కుళ్ళిపోయిన ఏడు అది అలాగే తల దించుకుని నిలబడేది. సాయంత్రం పూట వెళ్ళు. ఏటవాలు ఎండ పడితేనే చెక్కుడు గీతల్లో నీడ నిలిచి బొమ్మ లేచినట్టు కనపడుతుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఉత్త రాయిలాగే ఉంటుంది.

ఆ ప్రాంతమంతా తస్సిలి నజ్జేర్ పార్కు, 72,000 చదరపు కిలోమీటర్లు. రాళ్ళ మీద గీసిన బొమ్మలూ చెక్కడాలూ కలిపి 15,000 పైనే ఉన్నాయి కాబట్టి 1982లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. రంగు బొమ్మలు ఎక్కువగా పైన పీఠభూమి మీద, సెఫార్ లాంటి చోట్ల ఉంటాయి. అక్కడికి జీపులు పోవు. గాడిదల మీద సామాను వేసుకుని రోజుల తరబడి నడవాలి. నీకున్న వారం రోజుల్లో రెండూ పెట్టుకోకు. ఈసారికి దక్షిణాన తద్రార్త్ ఎర్ర ఇసుక తిన్నెలు చాలు. బొమ్మల మీద చెయ్యి వెయ్యొద్దు, ఫోటో బాగా రావడానికి నీళ్ళు చల్లొద్దు. 1956లో వచ్చిన ఫ్రెంచివాళ్ళ బృందం రంగులు తేలడానికి తడి స్పాంజితో తుడిచి నకళ్ళు తీసుకుంది. వేల ఏళ్ళు నిలిచిన రంగులు ఆ తడికి వెలిసిపోయాయి.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టు. దక్షిణ ఎడారి చూసేవాళ్ళకు, గుర్తింపు ఉన్న అల్జీరియా ఏజెన్సీ ద్వారా వెళ్తే, విమానాశ్రయంలో దిగాక వీసా ఇచ్చే పద్ధతి 2023లో వచ్చింది. కానీ ముందుగా ఆ ఏజెన్సీ అక్కడి అధికారుల నుంచి నీ పేరు మీద అనుమతి తెప్పించాలి. ఆ కాగితం చేతికి వచ్చాకే టికెట్ కొను. వాళ్ళు వస్తుంది వస్తుంది అంటే నమ్మి ముందే డబ్బు కట్టకు. కార్డులు అక్కడ పెద్దగా పనికిరావు, యూరోలు నోట్ల రూపంలో తీసుకెళ్ళు. దినార్లు మిగుల్చుకోకు, దేశం దాటాక వాటికి విలువ లేదు. డ్రోను, బైనాక్యులర్స్ బ్యాగులో పెట్టుకోవద్దు, విమానాశ్రయంలోనే లాగేసుకుంటారు.

భద్రత సంగతి అమ్మ దగ్గర ఎత్తలేదు, నీకు చెప్తున్నాను. 2003లో ఆ ఎడారిలో 32 మంది యూరప్ యాత్రికుల్ని ఎత్తుకుపోయారు. 2013 జనవరిలో ఇన్ అమెనాస్ గ్యాస్ ప్లాంటు మీద దాడి చేసి 40 మంది దాకా చంపేశారు. అప్పుడు నేను ఇక్కడ టీవీ ముందు నుంచి లేవలేదు. పోయినవాళ్ళు నాలాగే పొట్ట చేత పట్టుకుని వెళ్ళినవాళ్ళు. ఆ తర్వాత కట్టుదిట్టం బాగా పెరిగింది, గైడు లేకుండా ఎవర్నీ ఎడారిలోకి పోనివ్వరు. గైడ్లు ఈ దారి వద్దంటే వద్దు. లిబియా సరిహద్దు దగ్గరే, నైజర్ కూడా దూరం కాదు. ఇంకొంచెం ముందుకి పోదామని ఎవరినీ బతిమాలకు. జానెత్ దాటితే ఫోను పనిచెయ్యదు. బయల్దేరేముందు ఏ రోజు ఎక్కడ పడక వేస్తారో నాకు రాసి పంపు, ఏజెన్సీ నంబరు కూడా. మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా ఉంది. నీ ఫోను రాకపోయినా కంగారుపడకుండా నేను అమ్మను చూసుకుంటాను.

ఎండిపోయిన వాగులో గుడారం వెయ్యనివ్వకు. మెత్తగా, గాలి తగలకుండా బాగుంటుంది. కానీ ఎక్కడో కొండల్లో పడ్డ వాన నీళ్ళు చెప్పకుండా వచ్చిపడతాయి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకో, తేళ్ళుంటాయి. నాగుల చవితి నాటికి నువ్వు ఇసుకలో ఉంటావని అమ్మ బెంగ. అక్కడ కళ్ళ మీద కొమ్ములుండే పాము ఉన్నమాట నిజమే, చలికాలం రాత్రుళ్ళు పెద్దగా తిరగదు. అయినా చీకట్లో టార్చి లేకుండా అడుగు వెయ్యకు.

తిండికి ఇబ్బంది ఉండదు. అక్కడి ఎడారి జనం తువారెగ్‌లు నిప్పులు పక్కకు తీసి, ఆ వేడి ఇసుకలో పిండి ముద్ద పూడ్చి రొట్టె కాలుస్తారు. తాగెల్లా అంటారు. ఇసుక దులిపి, ముక్కలు తుంచి, పులుసులో నానబెట్టి పెడతారు. నువ్వు మాంసం తినవని ముందే చెప్పు, కూరగాయల పులుసు వేరే చేస్తారు. అమ్మ కందిపొడి ఇస్తుంది. టీ మూడు గ్లాసులు పోస్తారు, ఒక్కోసారి ఒక్కో రుచి. మూడోది తాగకుండా లేవకూడదు. తొందరపడకు, కూర్చో, వాళ్ళ మాట విను.

ఈ మధ్యే చదివాను, మనం కృత్తికలనే చుక్కల్ని తువారెగ్‌లు రాత్రి కూతుళ్ళు అంటారట. మీ నానమ్మ పిల్లలకోడి అనేది వాటిని. వాళ్ళకో సామెత ఉంది: రాత్రి కూతుళ్ళు వాలితే లేచి నీళ్ళతిత్తి వెతుక్కుంటాను, రాత్రి కూతుళ్ళు పొడిస్తే లేచి కప్పుకునే గుడ్డ వెతుక్కుంటాను. అంటే అవి పొడిస్తే చలి వచ్చినట్టే. కార్తీకంలో కృత్తికలు పొద్దు వాలేసరికి తూర్పున పొడుస్తాయి. నువ్వు అక్కడ నెగడు పక్కన కూర్చున్న వేళకు సరిగ్గా నీ ఎదురుగా పైకి వస్తుంటాయి.

నేను వచ్చేసే రోజు ఆ కాపలా పెద్దాయన కచాబియాను మడిచి నా సంచిలో పెట్టేశాడు. ఎంత వద్దన్నా వినలేదు. ఇన్నేళ్ళూ బీరువాలో కలరా ఉండలు వేసి దాచాను. ఎడమ చేతి మోచేయి దగ్గర అమ్మ వేసిన మాసిక ఉంది, గట్టిగానే ఉంది. మగవాళ్ళు తొడుక్కునేదే అయినా రాత్రి స్లీపింగ్ బ్యాగు మీద కప్పుకుంటే చాలు. దీపావళికి వచ్చినప్పుడు తీసుకెళ్దువుగాని. రెండు రోజులు ఎండలో వేసి ఉంచుతాను. వాషింగ్ మెషీన్లో మాత్రం వెయ్యకు.

ఆశీస్సులతో,
నాన్న