చిరుగుల చొక్కాకు అద్దె 900 రూపాయలా?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను కావలిలో నలభై ఏళ్లుగా మిషను తొక్కుతున్నాను. చిరిగింది తెచ్చి కుట్టమనేవాళ్లే గానీ, బాగున్న చొక్కా చించి ఇమ్మని అడిగినవాళ్లు మొన్నటిదాకా లేరు. అడిగింది మా మనవరాలు అమ్మణ్ణే, ఏడో తరగతి. వాళ్ల బడి వార్షికోత్సవంలో పన్నెండుమంది పిల్లకాయలు జాంబీల డాన్సు వేయాలంట. డ్రస్సులు అద్దెకు తెచ్చే మనిషిని బడివాళ్లే మాట్లాడిపెట్టి, తలా 900 రూపాయలు కట్టమని చీటీ పంపించారు. మొత్తం 10,800. పాట నిడివి నాలుగు నిమిషాలు.

పోయినేడు అమ్మణ్ణి వేసుకున్న అద్దె డ్రస్సు నేను చూశాను. పాలిస్టరు గుడ్డ, చంకలో రెండు అతుకులు, ముందు ఎవరో వేసుకున్న చెమట వాసన. అందుకే ఈసారి నేనే చేస్తానని బడికి పోయి చెప్పాను. అందరూ ఒకే రకంగా ఉండాలన్నాడు డాన్సు మేష్టారు. ‘శవాలు ఒకే రకంగా ఎట్లుంటాయి సార్, ఒక్కోడు ఒక్కో రోజు పోయుంటాడు గదా’ అన్నాను. నవ్వి ఒప్పుకున్నాడు.

జాంబీ అంటే దయ్యమే అనుకున్నాను. ‘కాదు తాతా, దయ్యానికి ఒళ్లుండదు. దీనికి ఒళ్లుంటుంది, తెలివుండదు’ అంది పిల్ల. మన భేతాళుడు శవంలో దూరినా కథ చెప్పి ప్రశ్న వేసేంత తెలివిగలవాడు. ఇది ఆ బాపతు కాదు. ఈ నమ్మకం హైతీ దేశానిదట. 1804లో స్వతంత్రం రాకముందు అక్కడ ఫ్రెంచివాళ్ల చెరకు తోటల్లో బానిసలుండేవాళ్లు. చచ్చాక కూడా లేపి చాకిరీ చేయిస్తారేమోనన్న భయం ఈ జాంబీలో ఉందని మా అబ్బాయి చెప్పాడు. అది విన్నాక డ్రస్సు ఎట్లుండాలో నాకు తెలిసొచ్చింది. సమాధి మట్టి కాదు, పొలం మట్టి కావాలి. మోకాళ్లు, మోచేతులు అరిగిపోవాలి. మోపు మోసిన భుజం మీద గుడ్డ పల్చబడాలి.

నా పాత నూలు చొక్కా తీశాను. నూలే ఎందుకంటే, చేత్తో లాగితే పోగు వెంబడి చిరుగుతుంది. కత్తెర పెడితే గాటు దూరానికి కూడా తెలిసిపోతుంది. చిరిగిన అంచును గరుకు కాగితంతో రుద్దితే పోగులు లేచి ఏళ్లనాటి గుడ్డలా కనిపిస్తుంది. మురికి రంగుకు టీ డికాక్షన్ చాలు. మోకాళ్ల దగ్గర నల్లటి మరక కోసం ప్యాంటును కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెట్టి, తుప్పు మేకులు బెల్లం నీళ్లలో వారం నానబెట్టిన రసం అద్దాను. కాళహస్తి కలంకారీవాళ్ల నలుపు ఈ దారిలో వచ్చేదే. ఉతికినా వదల్లేదు. మా ఇంటావిడ బకెట్టుకు అంటింది కూడా వదల్లేదు, ఆ మాట నాకు రోజూ వినపడుతూనే ఉంది.

నెత్తురు దగ్గరే తిప్పలు పడ్డాను. దిష్టి నీళ్ల మాదిరి పసుపులో సున్నం కలిపి చొక్కాకు పూస్తే అచ్చం నెత్తురే. ఎండేసరికి ఎరుపు తగ్గి పసుపులోకి తిరిగింది, కూర ఒలకబోసుకున్నట్టు తయారైంది. బెల్లం పాకంలో మిఠాయి రంగు కలిపి చూశాను. రాత్రికి చీమలు. ఆఖరికి గుడ్డకు వేసే ఎర్ర రంగులో చిటికెడు కాఫీ పొడి కలిపితే కుదిరింది.

చింపడం కంటే చిరుగును ఆపడం కష్టం. ప్రతి చీలిక మొదట్లో నాలుగు కుట్లు గట్టిగా వేయకపోతే, పిల్ల చెయ్యెత్తగానే అది నడుందాకా పోతుంది. లోపల బనియన్ కలిపి కుట్టాను. తొలి రిహార్సల్లో ప్యాంటు పేలిక కాలికింద పడి అమ్మణ్ణి బోర్లా పడింది. తప్పు నాదే. ఆ రోజే పేలికలన్నీ చీలమండకు పైన కత్తిరించాను.

ఈ జాబు రాయడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. అద్దె మనిషి తెచ్చిన ముఖం రంగు డబ్బా మీద పేరు లేదు, దేంతో చేశారో లేదు. మా నాయన వీధి నాటకాల్లో వేషాలు కట్టేవాడు, ముఖానికి అర్దళం పూసుకునేవాడు. ఆ పసుపు రంగు రాయిలో ఉండేది ఆర్సెనిక్ అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొన్ని సిందూరాల్లో సీసం కూడా ఉంటుంది. మా పిల్లకు ముల్తానీ మట్టి పట్టించాం. ఆరేకొద్దీ దానంతట అదే బీటలు వారి చచ్చిన చర్మంలా అయింది. బుగ్గ మీద గాయానికి టిష్యూ కాగితం, ఉడికించిన మైదా బంక. కళ్ల చుట్టూ ఇంట్లో పట్టిన కాటుక. గోరువెచ్చటి నీళ్లతో అంతా పోయింది. గాయం కోసం ఫెవికాల్ రాసుకుంటానన్న పిల్లాణ్ణి ఒకణ్ణి సమయానికి ఆపాను.

మొత్తం ఖర్చు 130 రూపాయలు. సంగతి తెలిసి ఇంకో ఆరుగురు పిల్లకాయలు వాళ్ల నాయనల పాత చొక్కాలు పట్టుకుని షాపుకొచ్చారు. చింపడం వాళ్లకే వదిలేసి కుట్లు మాత్రం నేను వేశాను. మిగతా అయిదుగురికి అప్పటికే డబ్బు కట్టేశారు.

బడులవాళ్లను నేను అడిగేవి మూడే. ఏ పాటకు డాన్సో నెల ముందు చెప్పండి. డ్రస్సు ఇంట్లో చేసుకుంటామన్నవాళ్లను చేసుకోనివ్వండి. ముఖం రంగు మటుకు, ఎవరు తెచ్చినా సరే, డబ్బా మీద ఏముందో చదివాకే పిల్లల ముఖాన పెట్టించండి.

ఆ చొక్కాను షాపులో హ్యాంగరుకు తగిలించాను. మొన్న ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది రిపేరు చేయడం కంటే కొత్తది కొనుక్కోమని చెప్పు మేస్త్రీ’ అని పోయాడు.

- ఒక దర్జీ, కావలి, నెల్లూరు జిల్లా