మీ బల్ల మీది చారల గురించి మేము ముందే చెప్పవలసిన సంగతి

మా దగ్గర భోజనాల బల్లలు, మంచాలు, చదువుకునే బల్లలు కొన్నవారికీ, కొనాలనుకుంటున్నవారికీ నమస్కారం. కొన్ని నెలలుగా మాకు వస్తున్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించినవి. ఫొటోలో బల్ల పైపలక మీద చారలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా సాగాయని, ఇంటికి వచ్చిన బల్ల మీద మాత్రం రెండేసి అంగుళాల బద్దలు పక్కపక్కన అతికినట్టు తెలిసిపోతున్నాయని, వాటి మధ్య రంపపు పళ్లలాంటి అతుకులు ఉన్నాయని, ఒక బద్ద తెల్లగా ఉంటే పక్కది గోధుమ రంగులో ఉందని, అసలిది నిజమైన చెక్కేనా అని అడుగుతున్నారు. అది నిజమైన చెక్కే. అయినా మీరు అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, అందులో మా తప్పు ఎంత ఉందో, ఇకమీదట ఏమి మారుస్తున్నామో దాపరికం లేకుండా చెబుతున్నాను.

మాది రాజమహేంద్రవరంలో మా నాన్నగారు మొదలుపెట్టిన వడ్రంగి శాల. అప్పట్లో బల్ల చేయించుకునేవారు మాతోపాటు అడితికి వచ్చి, దుంగను చూసి, ఫలానా పలక పైకి రావాలని సుద్దముక్కతో గుర్తు పెట్టి వెళ్లేవారు. ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టాక ఒకే నమూనా బల్లలు నెలనెలా పదుల సంఖ్యలో చేయవలసి వచ్చింది. అప్పటి నుంచి కేరళ ఫ్యాక్టరీల్లో అతికి సిద్ధం చేసిన రబ్బర్‌వుడ్ (రబ్బరు చెట్టు చెక్క) పలకలను తెప్పించి, ఇక్కడ కొలతకు కోసి, కాళ్లు బిగించి, పాలిష్ వేసి పంపుతున్నాం. చెక్కను ఎంచే పని మా చేతుల్లోంచి జారిపోయింది అక్కడే. ఆ సంగతి మీకు చెప్పకుండా ఊరుకున్నాం.

చెక్క మీది చార పైపూత కాదు, చెట్టు పెరిగిన తీరు. టేకు చెట్టు ఎండాకాలంలో ఆకు రాల్చి, పెరగడం దాదాపు మానేస్తుంది. తొలకరి పడి మళ్లీ చిగురించినప్పుడు పెద్ద రంధ్రాలున్న చెక్క ఒక వరుసగా ఏర్పడుతుంది, ఆ తరువాత చిన్న రంధ్రాల చెక్క దాని మీద పేరుకుంటుంది. ఆ రెండింటి తేడాయే మొద్దు మీద ఉంగరంగానూ పలక మీద చారగానూ కనిపిస్తుంది. ఉంగరం ఒకటే అయినా, రంపం దాన్ని ఏ వైపు నుంచి కోసిందన్న దాన్ని బట్టి చార రూపం మారుతుంది. ఉల్లిపాయ పక్కభాగం నుంచి ఒక ముక్క తీస్తే గుండ్రటి వంపులు కనిపిస్తాయి, నడిమికి కోస్తే దగ్గరదగ్గరగా నిలువు పొరలు కనిపిస్తాయి. దుంగ కూడా అంతే. అంచు వైపు నుంచి వచ్చిన పలక మీద గోపురాలవంటి, దీపశిఖలవంటి చారలు వస్తాయి. నడిమి నుంచి వచ్చిన పలక మీద సన్నని నిలువు గీతలు వస్తాయి. మీరు ఇష్టపడి గుర్తుపెట్టుకునే ఆ గోపురం చార రావాలంటే వెడల్పాటి పలక కావాలి, వెడల్పాటి పలకకు లావాటి చెట్టు కావాలి.

రబ్బరు చెట్టు దగ్గర ఆ రెండూ లేవు. పాలు తీయడం పూర్తయ్యాక, సుమారు 25 నుంచి 30 ఏళ్ల వయసులో దాన్ని కొట్టేస్తారు. మొద్దు అంత లావు ఉండదు, గాట్లు పెట్టిన భాగాన్నీ ముడులనూ తీసేస్తే మిగిలేవి పొట్టి ముక్కలే. ఈ చెక్కలో ఉంగరాలు స్పష్టంగా ఉండవు. లేత మీగడ రంగు చెక్క మీద సూదితో గీసినట్టు చిన్న చిన్న గోధుమరంగు గీతలు ఉంటాయి, అవి చెట్టులో నీరు పాకిన గొట్టాల జాడలు. పైగా ఈ చెక్కలో పిండిపదార్థం ఎక్కువ కావడం వల్ల, కొట్టిన కొద్ది రోజుల్లోనే బూజు, పురుగు పడతాయి. అందుకే కోసిన వెంటనే బోరాన్ లవణాల ద్రావణాన్ని ఒత్తిడితో ఎక్కించి, వేడి గదుల్లో ఆరబెడతారు. ఆ తరువాత పొట్టి ముక్కల కొసలను పళ్లుపళ్లుగా కోసి, ఒకదానిలో ఒకటి దూర్చి జిగురుతో అతికి పొడవాటి బద్దలు చేస్తారు. దీన్నే ఫింగర్ జాయింట్ అంటారు. ఆ బద్దలను పక్కపక్కన పేర్చి, జిగురు పెట్టి, ప్రెస్సులో బిగిస్తే పెద్ద పలక తయారవుతుంది. యంత్రం బద్దలను పొడవును బట్టి అందుకుంటుంది కానీ, చారకు చార, రంగుకు రంగు జత కుదర్చదు. మనిషి నిలబడి జత చూసి పేర్చే ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాటి ధర వేరు.

ఇలా అతకడం మోసం కాదు, ఈ మాట గట్టిగానే చెప్పగలను. చెక్క ఆరేటప్పుడు ఉంగరాల వెంబడి ఎంత కుంచించుకుపోతుందో, నడిమి నుంచి బయటికి ఉన్న దిక్కున సుమారు అందులో సగమే కుంచించుకుపోతుంది. అందువల్ల వెడల్పాటి ఒంటి పలక వానకూ ఎండకూ పళ్లెంలా వంపు తిరుగుతుంది. సన్నని బద్దలతో చేసిన పలకలో ఒక్కో బద్ద లాగుడు చిన్నదిగా ఉండి, మొత్తం మీద పలక సమంగా నిలుస్తుంది. గోదావరి జిల్లాల ఉక్కలో మీ బల్ల వంగకుండా ఉందంటే అందుకు ఆ అతుకులే కారణం.

మరి తప్పు ఎక్కడ జరిగింది? మొదటిది ఫొటో. మేము పెట్టిన బల్ల ఫొటో మొదటి విడతలో వచ్చిన పలకలన్నింటిలోకీ అందమైన దానిది, ఆ సంగతి మాకు తెలుసు. రెండవది, ‘అసలైన చెక్క’ అని రాసి, ‘అతికిన పలక’ అన్న మాట వదిలేశాం. చదివినవారు ఒకే పలక అనుకోవడం సహజం. మూడవది రంగు. ‘వాల్‌నట్’ అని మేము రాసింది కేవలం చెక్కకు పట్టించే రంగు (స్టెయిన్) పేరు, ఆ అక్రోటు చెట్టుకూ మా బల్లకూ సంబంధం లేదు. జోధ్‌పూర్ నుంచి వచ్చే షీషమ్ చెక్క బల్లల మీద కనిపించే వాల్‌నట్, హనీ అన్న పేర్లు కూడా రంగులవే. షీషమ్‌లో చేవ ముదురు గోధుమ రంగులో, చుట్టూ ఉన్న లేత చెక్క పాలిపోయి ఉంటాయి కనుక, రెండింటినీ కలిపి చూపడానికి ముదురు స్టెయిన్ వేస్తారు. కొండపల్లి బొమ్మకు వాడే తెల్లపొణికి రంగుల కింద దాగిపోయినా ఎవరికీ లోటు లేదు. చెక్కను చూసుకోవాలనే డబ్బు పెట్టి బల్ల కొన్నవారి విషయంలో అలా కప్పిపెట్టడం తగదు.

పోయిన వానాకాలంలో విజయవాడ నుంచి ఒక ఆరడుగుల బల్ల తిరిగి వచ్చింది. మా పెద్ద మేస్త్రి గారు దాని పాలిష్ గీకించి, గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో ఒక్కసారి తుడిచారు. తడి తగిలిన చెక్క, పాలిష్ పడ్డాక ఎలా ఉంటుందో ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. మొత్తం 18 బద్దలు లెక్క తేలాయి. వాటిలో మూడింటి మీద బూడిదరంగు మరకలు ఉన్నాయి. ఆలస్యంగా మందు ఎక్కించిన చెక్కకు పట్టే బూజు మరక అది. బలాన్ని పెద్దగా తగ్గించదు కానీ, లేత చెక్క మీద మసి పూసినట్టు ఉంటుంది. పంటి అతుకుల దగ్గర చెక్క కొస స్టెయిన్‌ను ఎక్కువగా పీల్చుకుని నల్లటి గీతలు తేలాయి. ఆ పక్కనే, జిగురు సరిగా రుద్దకుండా వదిలేసిన చోట స్టెయిన్ అసలు పట్టక కందిగింజంత తెల్లమచ్చ మిగిలింది. పలకలు పంపినవారిది తప్పేనని నేను అనవచ్చు, కానీ ఆ పలకలను దించుకుని, విప్పి చూడకుండా ముదురు పాలిష్ వేసి పంపింది మేమే. ఆ విడతలో బల్లలు తీసుకున్నవారందరికీ విడివిడిగా ఫోన్ చేస్తున్నాం. బల్ల మార్చి ఇమ్మన్నా, డబ్బు వెనక్కి ఇమ్మన్నా మీ ఇష్టప్రకారమే చేస్తాం, రవాణా ఖర్చు మాదే.

‘ఇంతకంటే టేకే ఇవ్వండి’ అని కొందరు అంటున్నారు. తప్పకుండా ఇస్తాం, కానీ మన పాత ఇళ్ల దూలాల్లో, ద్వారబంధాల్లో చూసిన బర్మా టేకు వంటిది వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతిని నిలిపివేసింది. ఇప్పుడు బజారులో దొరికేదాంట్లో ఘనా, ఈక్వెడార్ వంటి దేశాల తోటల్లో త్వరగా పెరిగిన టేకు చాలా ఉంది. దాని ఉంగరాలు ఎడంగా ఉంటాయి, చేవ తక్కువ, లేత చెక్క ఎక్కువ. దాన్ని కూడా బద్దలుగా అతికే అమ్ముతున్నారు.

ఏది కొన్నా ఒక పరీక్ష మీరే చేసుకోవచ్చు. బల్ల పైన కనిపించే చారను వేలితో వెంబడిస్తూ పలక కొస దాకా వెళ్లండి. అసలైన చెక్క అయితే పైచార అంచు మీదికి తిరిగి, అక్కడ ఉంగరపు వంపుతో కలుస్తుంది. పైన అతికించిన పలుచని చెక్క పొర (వెనీర్) అయితే అంచు దగ్గర ఆగిపోతుంది, అంచుకు వేరే పట్టీ అతికించి ఉంటుంది. లామినేట్ అయితే ఒకే ముడి, ఒకే వంపు కొంత దూరం తరువాత మళ్లీ అచ్చంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది ముద్రించిన బొమ్మ.

ఇకమీదట ప్రతి బల్లకూ పాలిష్‌కు ముందు తడిగుడ్డతో తుడిచిన పలక ఫొటోను మీ వాట్సాప్‌కు పంపుతాం, మీరు సరేనన్న తరువాతే పాలిష్ మొదలవుతుంది. వద్దంటే వేరే పలక చూపిస్తాం. పైభాగంలో పంటి అతుకులు లేకుండా, పొడవునా ఒకే ముక్కగా ఉన్న బద్దల పలకలు కూడా తెప్పిస్తున్నాం. ఆరడుగుల బల్లకు వాటి వల్ల 4,500 రూపాయలు ఎక్కువ అవుతుంది, అందులో మా లాభం ఏమీ కలపలేదు. రబ్బర్‌వుడ్‌కు ముదురు స్టెయిన్ వేయడం ఆపేశాం. ఎవరైనా పట్టుబట్టి అడిగితే, అతుకులు ఎలా తేలతాయో ముక్క మీద వేసి చూపించిన తరువాతే వేస్తాం. ఈ మార్పుల వల్ల బల్ల చేరడానికి వారం, పది రోజులు ఎక్కువ పడుతుంది.

విజయవాడ నుంచి వచ్చిన ఆ బల్ల మా దుకాణం ముందుగదిలోనే ఉంది. సగం మీద పాత ముదురు పాలిష్ అలాగే ఉంచి, మిగతా సగం పచ్చి చెక్కగా వదిలేశాం, పక్కన ఒక గిన్నెలో నీళ్లు, గుడ్డ పెట్టాం. వచ్చినవారు ఎవరైనా తుడిచి చూడవచ్చు.