‘ముందు ఆ మిషన్ తీసేయండి’

సంపాదకులకు,

ఇన్సులిన్ పంపుతో (ఒంటికి తగిలించుకుంటే రోజంతా ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం) ఉన్న టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని) షుగర్ పేషెంట్ జ్వరమొచ్చి క్యాజువాలిటీకి వెళితే చాలాసార్లు వినపడే మొదటి మాట, ‘ముందు ఆ మిషన్ తీసేయండి’. మా అమ్మాయి విషయంలోనూ అదే జరిగింది. పంపులో ఉండేది త్వరగా పనిచేసి, త్వరగానే ప్రభావం తగ్గిపోయే ఇన్సులిన్ ఒక్కటే. పంపు తీసేసి, బదులుగా ఇంజెక్షన్ ఇవ్వకపోతే కొన్ని గంటల్లోనే రక్తాన్ని విషతుల్యం చేసే కీటోన్లు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. ఆ మాట డ్యూటీ డాక్టరుకు మేం చెప్పాల్సి వచ్చింది. ఆయన విసుక్కోకుండా విన్నారు, అది మా అదృష్టం.

షుగర్‌ను అదేపనిగా కొలిచే సెన్సార్ సంగతీ ఇంతే. వేలకు వేలు పెట్టి చేతికి పెట్టుకుంటే రెండు వారాల షుగర్ గ్రాఫ్ వస్తుంది. డాక్టరుగారు దాన్ని పక్కన పెట్టి ‘ఫాస్టింగ్ ఎంత, తిన్నాక ఎంత?’ అంటారు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7 ఉన్నవాళ్లకు కూడా రాత్రిళ్లు 50కి పడిపోయి, పగలు 300 దాటుతూ ఉండొచ్చు. సగటులో అది కనపడదు, గ్రాఫ్‌లో కనపడుతుంది. రోజులో 70 శాతం సమయం, అంటే దాదాపు 17 గంటలు, షుగర్ 70-180 మధ్య ఉండాలన్న లక్ష్యాన్ని అంతర్జాతీయ నిపుణులు 2019లోనే చెప్పారు. సెన్సార్ ఉన్న చెయ్యి ఒంటి కింద నొక్కుకుపోయేలా పడుకుంటే షుగర్ పడిపోకున్నా ‘లో’ (తక్కువ) అని చూపిస్తుందని, అప్పుడు వేలు గుచ్చి చూసుకోవాలని కూడా పేషెంట్లు ఒకరికొకరు చెప్పుకునే పరిస్థితి!

ఖరీదైన వాటి దాకా ఎందుకు? మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నుల్లో 100. 100 యూనిట్ల మందును ఎర్రమూత (40) సిరంజిలోకి తీస్తే రెండున్నర రెట్ల డోసు పడుతుంది. మందులచీటీ మీద ‘ఇన్సులిన్ 10 యూనిట్లు’ అని రాసి వదిలేస్తే ఏ సిరంజి వాడాలో ఎవరు చెప్పాలి?

డాక్టర్లను తప్పుపట్టడం లేదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. వాళ్లందరికీ ఎండోక్రైనాలజిస్టులు (షుగర్, హార్మోన్ల స్పెషలిస్టులు) ఎక్కడ దొరుకుతారు? చూడాల్సింది మామూలు ఫిజీషియన్లే. అయితే వాళ్లకు ఈ పరికరాలు నేర్పే పని కంపెనీ రెప్‌లకు వదిలేయకూడదు. డాక్టర్లు హాజరు కావాల్సిన సీఎంఈ (నిరంతర వైద్య శిక్షణ) ఐదేళ్లకు 30 గంటలు ఎలాగూ ఉంది. అందులో కొన్ని గంటలైనా పంపు, సెన్సార్ చేతికిచ్చి నేర్పించేలా రెండు రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లు చూడాలి. పంపు తీయాల్సి వస్తే ఏం చేయాలో రాసిన కాగితం ఒకటి ప్రతి క్యాజువాలిటీ గోడకూ అతికించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం